మద్దెల పక్షం మైకన్న

మా ప్రాంతంలో మైకు మొరాయిస్తే జనం మొదట చేసే పని దాని నెత్తిన మొట్టడం. అప్పటికీ పలక్కపోతే ఉఫ్ ఉఫ్ అని దాని మొహాన ఊదుతారు. అదీ పనిచెయ్యకపోతే అందరూ తల తిప్పి, సౌండు సెట్టు వాడు తమ ఆస్తి తిన్నట్టు వాడి వైపు చూస్తారు. పోయిన నెల ఆదోనిలో మా బడి వార్షికోత్సవంలో సరిగ్గా ఇదే తంతు. హెడ్మాస్టరుగారు ఉపన్యాసం ఎత్తుకోగానే కార్డ్‌లెస్ మైకు మాటలు మింగడం మొదలుపెట్టింది. "మన విద్యా... భవిష్య... తల్లిదం..." ఆయన మొట్టారు, ఊదారు, చివరికి దాన్ని బల్ల మీద పడేసి అరవడం మొదలుపెట్టారు. వెనక వరుసలో కూర్చున్న నేను "కొట్టడం ఎందుకు, ముందు బ్యాటరీ చూడండప్పా" అని గొణిగాను. గొణిగాక గానీ తట్టలేదు. ఆ మాట నాది కాదు, మైకన్నది. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

మైకన్న అంటే యెమ్మిగనూరులో సౌండు సెట్టు నడిపినాయన. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ చిన్నా పెద్దా అందరికీ ఆయన మైకన్నే. నేను ఆదోనిలో తెలుగు పంతులమ్మని. సెలవుల్లో, పండగల్లో హరికథలు చెబుతాను. అది మా నాయన దగ్గర నేర్చుకున్న విద్య. నన్ను కథకు పిలిచినవాళ్ళు మైకన్నను కూడా పిలిచేవాళ్ళు, పిలవకపోతే నేనే పిలిపించేదాన్ని. అట్లా ఏళ్ళ తరబడి ఆలూరు, కోడుమూరు, పత్తికొండ అని ఊరూరా ఒకే పందిట్లో తిరిగాం.

పొడగరి మనిషి. మీసానికి నల్లరంగు, చొక్కాకు అత్తరు. సౌండు సెట్టు వాడు కదా, పెద్ద గొంతు వేసుకుని అరుస్తాడనుకుంటాం. ఈయన మాత్రం చెవిలో రహస్యం చెబుతున్నట్టు మాట్లాడేవాడు. కోపం వచ్చినా అదే గొంతు, అందువల్ల ఆయన తిట్లు తిన్నవాడికి తప్ప పక్కవాడికి తెలిసేవి కావు. అణకువ మాత్రం ఆ ఇంటా వంటా లేదు. "నాకంటే బాగా సెట్టు పెట్టేటోడు ఈ చుట్టుపక్కల యాడన్నా ఉంటే చూపియ్యండమ్మా, పోయి వాని కాళ్ళు మొక్కొస్తా" అనేవాడు. ఎవరూ చూపించలేదు, ఆయనా ఎవరి కాళ్ళూ మొక్కలేదు.

మైకు పరీక్షించేటప్పుడు హలో అనేవాడు కాదు. "హలో అంటే దానికేం తెలుస్తాదమ్మా? మనిషి ఎట్ల మాట్లాడతాడో అట్ల మాట్లాడల్ల" అని, ఆ పూట తిన్నదంతా దాన్లో చెప్పేవాడు. "పొద్దున ఉగ్గాని తిన్న్యా. బజ్జీ సరిగ్గా కాలలేదు. మిరపకాయ మాత్రం నెత్తికెక్కింది." ఇది నాలుగు వీధులకు వినిపించేది. ఎద్దులు తోలుకుపోయేవాళ్ళు ఆగి "ఏమప్పా, ఆ బజ్జీ ఎవురింట్లోది?" అని అడిగేవాళ్ళు. ఒక ఊళ్ళో ఆ హోటలు ఆమె గరిటె పట్టుకుని పందిట్లోకి వచ్చింది. ఆమెకు సర్దిచెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయన పుట్టింది మగ్గాల ఇంట్లో. నేత వదిలేసి ఎంతో కాలమైనా నేతగాడి పద్ధతి వదల్లేదు. మాట మధ్యలో పోతే "పోగు తెగింది" అనేవాడు. "పోగు తెగితే మగ్గాన్ని కొడతామా అమ్మా? కొస పట్టుకోని వెతుకుతాం గదా" అని స్పీకరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి వచ్చేవాడు. స్పీకరు, దాని తీగ, రిసీవరు, రిసీవరు మీది తోకలు, తర్వాత గాలి, తర్వాత మనిషి చేతిలోని మైకు, చివరికి దాని కడుపులోని బ్యాటరీ. మైకు నుంచి గాల్లో వచ్చే తరంగాలను, ఆయన మాటలో 'గాలి'ని, పట్టుకునే పెట్టెను రిసీవరంటారని, దాని యాంటెన్నాలను ఆయన తోకలంటాడని నేను తెలుసుకోవడానికే ఒక ఎండాకాలం పట్టింది. కొత్త బ్యాటరీ వేశామని ఎవరన్నా చెబితే నమ్మేవాడు కాదు. ఆ చదరపు బ్యాటరీని తీసి నాలిక చివర ఆనించి చూసేవాడు. నాలిక చురుక్కుమంటే "పుల్లగుండాది, బరాబరు" అని లోపల పెట్టేవాడు. ఆచారం ఉన్న ఇంటి కోడలిని, ఆ ఎంగిలి బ్యాటరీ ఉన్న మైకు పట్టుకోవాలంటే మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. తర్వాత అలవాటైపోయింది.

ప్రతిసారీ ఆయన చెప్పిందే వేదం అనుకుంటారేమో, అదేం లేదు. రంగుల సీరియల్ బల్బులంటే ఆయనకు పుట్టెడు పగ. ఏది చెడినా మొదటి నేరస్తులు అవే. ఆలూరులో ఒక సాయంత్రం వాటివల్లే మైకు పలకడం లేదని పట్టుబట్టి పందిట్లో దీపాలన్నీ ఆర్పించాడు. దేవుడు చీకట్లో, జనం చీకట్లో. తీరా చూస్తే ఈయనగారు రిసీవరు స్విచ్చి వెయ్యడం మరిచిపోయాడు. తడుముకుంటూ పోయి దాన్ని వేసి, వచ్చి "చూసినారా, బల్బులు ఆర్పినాక ఎట్ల సక్కగైందో" అన్నాడు! నేను చూశానని ఆయనకు తెలుసు. అయినా మీసం దువ్వుకున్నాడు.

కోడుమూరులో ఇంకో చిత్రం. నేను సీతమ్మ పెళ్ళి కథ చెబుతున్నాను. జనక మహారాజు శివధనుస్సు తెప్పించే ఘట్టం. జనం రెప్ప వాల్చడం లేదు. ఉన్నట్టుండి మా స్పీకర్లలోంచి "పెళ్ళికూతురి మేనమామ యాడున్నా బిన్నా, తొందరగా మంటపం కాడికి రావల్ల" అని వినిపించింది. పందిరంతా గొల్లుమంది. పక్క వీధిలో పెళ్ళి జరుగుతోంది. వాళ్ళ మైకూ మాదీ ఒకే ఛానల్లో ఉన్నాయి, వాళ్ళది మా స్పీకర్లలో దూరింది. మైకన్న పరుగెత్తిపోయాడు, మాటలు విడిపోయాయి, కథ సాగింది. ఆయన మాత్రం రాలేదు. ధనుస్సు విరిగి, పెళ్ళి అయిపోయి, సీతమ్మ అత్తవారింటికి బయలుదేరేవేళకు తాంబూలం నములుతూ వచ్చాడు. "ఆ సెట్టు పిల్లోడు నా కాడ పని నేర్చుకున్నోడేనమ్మా. గురువు ఛానల్ అని గౌరవంగా అదే పెట్టుకున్నాడంట. మార్చొచ్చినా. భోంచేసి పొమ్మని ఒకటే బలవంతం" అన్నాడు. శిష్యులందరూ గురుభక్తితో అదే ఛానల్ పెట్టుకుంటే గురువుగారి గతి ఏమిటని అడిగాను. అప్పటినుంచి ఏ ఊరు పోయినా ముందు చుట్టుపక్కల పెళ్ళిళ్ళున్నాయా అని వాకబు చేసేవాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగుంటాయి. ఆయనకు నేను రుణపడిన సంగతి వేరే ఉంది.

ఒక ఏడు నా గొంతులో గడ్డ లేచింది. కర్నూలులో ఆపరేషన్ చేశారు. "మాట్లాడొచ్చు, పాడొచ్చు, గొంతు పెంచొద్దు. పెంచితే ఉన్నదీ పోతుంది" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా నాయన మైకు లేకుండా ఊరి చివరిదాకా కథ వినిపించిన మనిషి. ఆయన కూతురిగా పుట్టి నేను ఇంటి వసారా దాటి వినబడని స్థితికి వచ్చాను. ఇక కథ చెప్పగలనా, లేదా? నాకు అప్పుడు ఉన్న దిగులంతా అదొక్కటే.

"గొంతు మీరు పెంచొద్దు, నేను పెంచుతా" అన్నాడు మైకన్న. హరికథలో ఒక చేతిలో చిరతలు, ఇంకో చేత అభినయం, చేత్తో మైకు పట్టుకునే వీలుండదు. అందుకని చెంప పక్కన సన్నని మైకు, దాని తీగ వచ్చి చేరే చిన్న పెట్టె నడుముకు కట్టుకునే రకం తెచ్చాడు. యెమ్మిగనూరులో శ్రీరామనవమి పందిట్లో, పగటిపూట, ఆపరేషన్ తర్వాత నా మొదటి కథ. నేను గజ్జెలు కట్టి, పట్టుచీర కచ్చ పోసి, పూలదండ వేసుకున్నాను. మొదటి కథనాడు మా నాయన చేయించిన వెండి వడ్డాణం పెట్టుకున్నాను. పట్టుచీర మీద ఆ నల్లపెట్టె, దాని తోక అసహ్యంగా కనబడుతుంటే తోక మడిచి పెట్టెను వడ్డాణం కింద నడుము వెనక్కి దోపుకున్నాను.

కథ మొదలైన కాసేపటికే మాట తెగడం మొదలైంది. పద్యం ఎత్తుకుని మృదంగం వాయించే ఆయన వైపు తిరుగుతాను, సగం పాదం గాల్లో కలిసిపోతుంది. మళ్ళీ జనం వైపు తిరుగుతాను, వస్తుంది. ఆపరేషన్ తర్వాత నా గొంతులో నిజంగానే జీర ఉండేది. ఏది గొంతు జీరో, ఏది మైకు లోపమో తేల్చుకునే స్థితిలో నేను లేను. ముందు వరుసలో ఒకామె "పాపం, ఆపరేషనంట. గొంతు పోయినాదంట" అని పక్కామెతో అనడం నా చెవిన పడింది. మైకన్న రంగుల బల్బులు ఆర్పించాడు, బ్యాటరీ మార్చాడు, ఏమీ కాలేదు. ఎలాగో మంగళం పాడి దిగాను. ఇంటికొచ్చి గజ్జెలు పెట్టెలో పెట్టి మూతవేశాను. ఒప్పుకున్న కథలన్నిటికీ రానని కబురు పంపాను. మైకు బాగాలేదని ఒక్కరితోనూ అనలేదు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెతను ఏటేటా పిల్లలకు చెప్పేదాన్ని నేనే. ఇప్పుడు నేనే మద్దెల మీద నెపం వేస్తానా!

కొన్నాళ్ళకు ఒక ఉదయం మైకన్న బండి మీద పెట్టెలు కట్టుకుని ఆదోనిలో మా ఇంటి ముందు దిగాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా "సీర కట్టుకోండమ్మా. గజ్జెలు, దండ, ఆ పొద్దు ఏమేం ఏసుకున్నారో అన్నీ ఏసుకోండి" అన్నాడు.

"కథలు మానేశానన్నా. చెప్పి పంపాను కదా."

"మానేయండి, మీ ఇష్టం. పోగు యాడ తెగిందో తెలుసుకోని మానేయండి. నేనైతే తెలుసుకోకుండా పోను, ఈ వసారాలోనే పండుకుంటా" అని చతికిలబడ్డాడు. "ఆ పెట్టె నా నడుముకు కట్టుకోని మిద్దెక్కినా, సంతంతా తిరిగినా. ఒక్క మాట పోలేదు. నాకాడ తెగంది మీకాడ తెగుతాదంటే మీ ఒంటి మింద ఉండేదేందో చేస్తాంది. అదేందో నాకు తెలియల్ల."

ఇలా అంటూనే బ్యాటరీ తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. లోపలి గడపలో మా అత్తగారు మడి కట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఆ దృశ్యం చూడడం అదే మొదలు. "ఎంగిలి! ఎంగిలిది కోడలి నడుముకు కడతావటరా!" అని చెంబు ఎత్తింది. మైకన్న పెట్టెను రెండు చేతులతో పొదివిపట్టుకుని వీపు తిప్పాడు. "అవ్వా, అవ్వా! నా మింద పొయ్యి, దీని మింద పోయద్దు! దీనికి మడి కడితే దినాలు పెట్టాల్సిందే!" చెంబెడు నీళ్ళూ ఆయన వీపు మీదే పడ్డాయి. నాకు నవ్వాగలేదు. ఆపరేషన్ తర్వాత నేను పగలబడి నవ్వింది అప్పుడే.

నవ్వు తెచ్చిన చొరవతో లోపలికి పోయి చీర కట్టుకుని, అన్నీ పెట్టుకుని, మైకు పెట్టెను ఆ నాటిలాగే తోక మడిచి వడ్డాణం కింద దోపుకుని వచ్చాను. ఆయన ఆ నాటి పందిట్లో లాగే నా వెనక వైపు, వసారా చివర స్టూలు మీద రిసీవరు పెట్టి, స్పీకరును వీధివైపు తిప్పి, తడి చొక్కాతోనే రిసీవరు ముందు గొంతుక్కూర్చున్నాడు. దాని మీద చిన్న పచ్చదీపం ఉంటుంది, మైకు నుంచి గాలి అందుతున్నంతసేపూ వెలుగుతుంది. చూపంతా దాని మీదే. "చెప్పండి. ఆ పొద్దు ఎట్ల చెప్పినారో అట్లనే. ఎట్ల తిరిగినారో అట్లనే తిరగండి." సీతమ్మను అత్తవారింటికి పంపే పద్యం ఎత్తుకుని, లేని మృదంగం వైపు తిరిగాను. పచ్చదీపం ఆరిపోయింది. వీధిలో నా గొంతు ఆగిపోయింది.

"ఆడనే! కదలద్దండి." మైకన్న లేచి నిలబడ్డాడు. నన్ను ఎగాదిగా చూసి, నాతో చెప్పడానికి మొహమాటపడి మా అత్తగారి వైపు తిరిగాడు. "అవ్వా, ఆ వడ్డాణం తీయమని సెప్పు అమ్మకు."

"ముత్తైదువ ఒంటి మీద నగ తీయమంటావా? నీ నోట మన్నుపడ!"

"పడనీలే అవ్వా. ముందు తీయమను."

నేను తీసి ఆమె చేతిలో పెట్టాను. మడిచిన తోకను ఆయన చెప్పినట్టు కిందికి వేలాడనిచ్చాను. పద్యం మళ్ళీ ఎత్తుకుని మృదంగం వైపు తిరిగాను, వెనక్కి తిరిగాను, చుట్టూ తిరిగాను. దీపం ఆరలేదు. గొంతు పెంచకుండా, పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పినట్టు చెబుతుంటే నా మాట వీధి మలుపుదాకా పోయి నాకే వినిపించింది. పూలమ్మే ఆమె బుట్ట దించి గేటు దగ్గర నిలబడి "ఎవురు తల్లీ, కథ చెప్తాండేది? ఎంత బాగుండాది" అంది.

మైకన్న ఊపిరి వదిలాడు. "వెండి కింద పెట్టె పెట్టి, తోక మడిచి పెడితే గాలి యాడికి పోవల్లమ్మా? దానికి తోడు మీరు తిరిగినప్పుడు ఒళ్ళు అడ్డమొస్తాంది. ఒళ్ళంతా నీళ్ళే గదా, దాటుకోని రాలేదు. ఆ పొద్దు రిసీవరు మీ యెనకల పెట్టింది నేనే, నాదీ తప్పుండాది."

నా తప్పు ఒప్పుకోవడం కూడా నాకు కష్టమైంది. "నా గొంతే పోయిందనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడంటారని ఎవరితోనూ అనలేదు" అన్నాను.

"ఆ సామెత కట్టినోడెవరో గానీ మద్దెల వాయించినోడు మాత్రం కాదమ్మా" అన్నాడు ఆ రహస్యపు గొంతుతో. "మద్దెలలు నిజ్జంగానే ఓడైతాయి. మేము దినామూ చూస్తాంటాం. ఈ తడవ మద్దెలదే తప్పు. మీ గొంతు బాగుండాది. ఇంగ ఎవురినీ అడగద్దు."

నేను మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడకుండా, చిన్నపిల్లలా ఏడ్చాను. మా అత్తగారు లోపలికి పోయి, ఆయనకు తుడుచుకోవడానికి ఒక తువ్వాలు, ఇంట్లో మేము తాగే స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు అంతకుముందు గడప దాటి బయటివాళ్ళెవరి చేతికీ పోలేదు.

వడ్డాణం లేకుండా కథకు లేవడానికి నా మనసొప్పలేదు. ఆ చిక్కు విప్పింది మైకన్న భార్య. మగ్గం గుడ్డతో చిన్న సంచి కుట్టి, పెట్టెను అందులో వేసి నా కొప్పులో ఇమిడ్చి, పైన కనకాంబరాలు చుట్టింది. వెండికి దూరం, ఒంటికి పైన, ఎవరికీ కనబడదు. రిసీవరు జనం ముందుకు, ఎత్తు మీదికి వచ్చింది. "పూల మింద నీళ్ళు సల్లితే మాత్రం మీ తల మింద నీళ్ళు సల్లినట్టే" అని, పెట్టె తడుస్తుందన్న భయంతో మైకన్న పూలవాళ్ళందరినీ బెదిరించి పెట్టాడు. శాలువాలు కప్పుకుని రిసీవరుకు అడ్డంగా నిలబడే పెద్దమనుషుల్ని చెవిలో ఏదో చెప్పి పక్కకు తప్పించేవాడు. ఏం చెప్పేవాడో తెలియదు గానీ వాళ్ళు ఉలిక్కిపడి తప్పుకునేవాళ్ళు.

ఆ తర్వాత నేను చెప్పిన కథలన్నీ ఆయన పెట్టిన భిక్షే అంటాను. పత్తికొండలో టమేటాల ట్రాక్టర్లు నిలిపి, తొట్టి మీద కూర్చుని విన్న రైతులకు కూడా నా సన్నగొంతు స్పష్టంగా అందింది. చెబుతున్నంతసేపూ మైకన్న జనం చివర, ఎవరికీ పట్టని చోట నిలబడేవాడు. మాట తడబడితే చాలు, చేతులు ఊపుకుంటూ, తనలో తాను గొణుక్కుంటూ జనాన్ని చీల్చుకుని వచ్చేవాడు. కథ మధ్యలో ఆ ఊగే చేతులు చూసి నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో!

పోయిన ఎండాకాలం గుండె ఆగి పోయాడని ఫోను వచ్చింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆయన భార్య నా చేతులు పట్టుకుని "ఆయప్పకు ఏడుపులు గిట్టవు తల్లీ. దినం నాడు ఒక కథ చెప్పు" అంది.

దినం నాడు వాళ్ళ వీధిలోనే పగటిపూట పందిరి వేశారు. మైకన్న జీవితమంతా తిట్టిన పోటీ సెట్టు ఆయన తన దగ్గరున్న మంచి సెట్టు మోసుకొచ్చాడు. "వాడుంటే నన్ను ఈ గడప తొక్కనిచ్చేటోడు కాదమ్మా" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. మైకన్న భార్య తన చేత్తోనే నా కొప్పులో సంచి పెట్టి, తడి లేని పూలు చుట్టింది. కథ మొదలుపెట్టాను. మాట నూనెపోసినట్టు సాగిపోతోంది. ఎంతసేపటికీ తెగదు. నాకు లోపల ఏమిటో గాబరాగా ఉంది. ఒక్కసారి తెగితే బాగుండును, ఒక్క మాట పోతే చాలు, ఆ జనం చివరినుంచి చేతులు ఊపుకుంటూ వచ్చేస్తాడనిపించింది. కావాలనే వెనక్కి తిరిగి చెప్పాను. చెయ్యి కొప్పు మీద వేసి పెట్టెను మూసి చెప్పాను. రిసీవరుకు దూరంగా, పందిరి మూలకు పోయి చెప్పాను. జనం అదీ కథలో భాగమే అనుకున్నారు. మంగళం పాడేదాకా ఒక్క అక్షరం కూడా పోలేదు.